అంపైర్ పొరబడినట్టు వీడియోలో తేలితే ఫలితం మార్చాలా? బేస్‌బాల్ రీప్లే గురించి ఒక సందేహం

ప్రశ్న
వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం

సభ్యులందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. పిల్లలకు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ నేర్పడంతో పాటు మండల, జిల్లా స్థాయి పాఠశాలల పోటీలలో అంపైరుగా కూడా నిలబడుతుంటాను. కొంతకాలంగా మా పోటీలలో ఒక చిక్కు ఎదురవుతోంది. మొదటి బేస్ దగ్గర (బంతి ముందు చేరితే రన్నర్ ఔట్, రన్నర్ ముందు చేరితే సేఫ్) నిర్ణయం అటా ఇటా అన్నట్టు ఉందంటే చాలు, గీత అవతల నిలబడి చూస్తున్నవారిలో ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని వస్తారు. అప్పటికి సర్దిచెప్పి పంపినా, రాత్రికల్లా అది వాట్సాప్ గ్రూపులలో తిరిగి, తెల్లవారేసరికి ఫలితం మార్చాలంటూ ఓడిన జట్టు తరఫున వినతిపత్రం వస్తుంది. అంపైరుగా నిలబడటానికి తోటి ఉపాధ్యాయులు వెనకాడే పరిస్థితి వచ్చింది.

ఈ నేపథ్యంలో మా తొమ్మిదో తరగతి పిల్లలకు 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జరిగిన ఆట గురించి చెప్పాను. తెలియనివారి కోసం క్లుప్తంగా రాస్తాను. డెట్రాయిట్ టైగర్స్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) అర్మాండో గలారగా ఆ రోజు క్లీవ్‌లాండ్ జట్టులో వరుసగా 26 మందిని, ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వకుండా ఔట్ చేశాడు. 27వ బ్యాటర్ కూడా ఔటైతే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. అమెరికా అగ్రశ్రేణి పోటీలైన మేజర్ లీగ్‌ల సుదీర్ఘ చరిత్రలో అప్పటికి అలాంటివి ఇరవై మాత్రమే నమోదయ్యాయి. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ కొట్టిన బంతిని మిగెల్ కబ్రెరా కుడివైపు పరుగెత్తి అందుకుని, మొదటి బేస్ మీదికి వచ్చిన గలారగాకు విసిరాడు. బంతి అందింది, కాలు బేస్ మీద ఉంది, రన్నర్ ఇంకా ఒక అడుగు దూరంలో ఉన్నాడు. అయినా అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ చాచి సేఫ్ అని ప్రకటించాడు. ఆట అయ్యాక వీడియో చూసుకుని, తాను తప్పు చేశానని అందరి ముందూ ఒప్పుకుని, గలారగాకు క్షమాపణ చెప్పాడు. అయినా లీగ్ కమిషనర్ బడ్ సీలిగ్ ఆ నిర్ణయాన్ని మార్చలేదు.

ఇది విన్న ఒక అమ్మాయి, "అంపైరే తప్పని ఒప్పుకున్నాక కూడా ఎందుకు దిద్దలేదు సార్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. ఆట తెలిసిన పెద్దలు రెండు విషయాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను. అమెరికాలో రీప్లే (వీడియో చూసి అంపైర్ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి) వచ్చిన తరువాత ఈ తగాదా నిజంగా తీరిందా? మా వంటి మైదానాలలో సెల్‌ఫోన్ వీడియోను సాక్ష్యంగా తీసుకోవడం ఎంతవరకు న్యాయం?


జవాబు 1
బురుజు నీడ, కర్నూలు

ఉపాధ్యాయుల వారికి నమస్కారం. రాత్రి వేళ పనిచేసే ఉద్యోగం కావడం వల్ల అమెరికాలో జరిగే ఆటలను ఏళ్ల తరబడి ప్రత్యక్షంగా చూస్తున్నాను. ముందు రీప్లే ఎలా వచ్చిందో చెప్పి, ఆ తరువాత ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను.

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రీప్లే మొదలైంది 2008 ఆగస్టు చివరిలో. అప్పుడు హోమ్ రన్ నిర్ణయాలకు మాత్రమే పరిమితం చేశారు: బంతి కంచె దాటిందా, హద్దు స్తంభానికి లోపల పడిందా బయట పడిందా, ప్రేక్షకుడు చేయి పెట్టి అడ్డుకున్నాడా అన్నవి మాత్రమే చూసేవారు. గలారగా ఆట నాటికి మొదటి బేస్ నిర్ణయాన్ని వీడియోలో సరిచూసే నియమమే లేదు. కనుక ఆ రోజు మైదానంలో ఉన్న నలుగురు అంపైర్లకూ అది తప్పని అనుమానం వచ్చి ఉన్నా, తెర వైపు చూసే అధికారం వారికి లేదు. 2014లో పరిధి పెంచారు. మేనేజర్ (జట్టు ప్రధాన కోచ్) అభ్యంతరం చెబితే మైదానంలోని అంపైర్లు తలకు హెడ్‌సెట్ తగిలించుకుని న్యూయార్క్‌లోని రీప్లే కేంద్రంతో మాట్లాడతారు. అక్కడ కూర్చున్న అంపైర్లు అన్ని కోణాలూ చూసి తీర్పు చెబుతారు. మేనేజర్ అభ్యంతరం నిలిచితే ఆ అవకాశం అతని దగ్గరే ఉంటుంది, తప్పయితే పోతుంది.

2026 నుంచి బంతి స్ట్రైకా బాలా (బ్యాటర్ ముందున్న నిర్ణీత చట్రంలోంచి వెళ్లిందా లేదా) అన్న నిర్ణయం మీద కూడా అభ్యంతరం చెప్పే పద్ధతి వచ్చింది. ప్రతి బంతినీ యంత్రమే తేల్చే పద్ధతిని దక్షిణ కొరియా లీగ్ 2024లోనే అమలు చేసింది కానీ, అమెరికా వారు మధ్యేమార్గం పట్టారు. అంపైరే చెబుతాడు, జట్టుకు రెండు అభ్యంతరాలు ఉంటాయి, బ్యాటర్, పిచర్, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు) ముగ్గురిలో ఒకరు మాత్రమే, అదీ వెంటనే, టోపీనో హెల్మెట్‌నో చేత్తో తట్టి అడగాలి. డగౌట్ (జట్టు కూర్చునే చోటు) నుంచి ఎవరూ సైగ చేయకూడదు. బ్యాటర్ ఎత్తులో 27 శాతం దగ్గర కింది హద్దు, 53.5 శాతం దగ్గర పై హద్దు, 17 అంగుళాల ప్లేటు (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) వెడల్పు. ఈ చట్రాన్ని బంతి ఏ మూల తాకినా స్ట్రైక్. జవాబు కొన్ని సెకన్లలో తెర మీద అందరికీ కనిపిస్తుంది.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. నా ఉద్దేశంలో ఆ నిర్ణయాన్ని దిద్ది ఉండవలసింది. ఒక తప్పును వెనక్కి వెళ్లి దిద్దితే వచ్చే అసలు కష్టం, ఆ తప్పు తరువాత జరిగిన ఆటనంతా ఏం చేయాలన్నది. డెట్రాయిట్ ఆటలో ఆ కష్టం లేదు. అది చివరి ఔట్. డొనాల్డ్ తరువాత వచ్చిన ట్రెవర్ క్రో కూడా ఔటయ్యాడు, టైగర్స్ 3-0తో గెలిచారు. డొనాల్డ్‌ను ఔట్‌గా నమోదు చేసి ఉంటే ఆట ఒక బ్యాటర్ ముందు ముగిసేది, గెలుపు ఓటములు మారేవి కావు, ఎవరి హక్కూ పోయేది కాదు. 88 బంతులు వేసి, 27 మందికి బదులు 28 మందిని ఎదుర్కొన్న పిచర్‌కు రికార్డులో న్యాయం జరిగేది. దిద్దడానికి ఇంత సులువైన తప్పును కూడా దిద్దలేదంటే, నియమం పేరు చెప్పి నిజాన్ని పక్కన పెట్టినట్టే కదా?

ఇదే మాట 1985 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ విజేతను తేల్చే చివరి సిరీస్) గురించి నేను అనను. ఆరో ఆటలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ 1-0 ఆధిక్యంతో, ట్రోఫీకి మూడు ఔట్ల దూరంలో ఉండగా, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి బ్యాటర్ జోర్జ్ ఓర్టాను అంపైర్ డాన్ డెంకింగర్ సేఫ్ అన్నాడు. వీడియోలో అది స్పష్టంగా ఔట్. కాన్సాస్ సిటీ రాయల్స్ ఆ ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు చేసి గెలిచారు, మర్నాడు ఏడో ఆటను 11-0తో గెలిచి సిరీస్ ఎగరేసుకుపోయారు. డెంకింగర్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. కానీ ఆ ఇన్నింగ్స్‌ను బంతి బంతికీ చూసినవారు ఒక విషయం గమనిస్తారు. ఓర్టా పరుగు చేయనే లేదు. బంట్ (బ్యాట్‌తో మెల్లగా తాకించిన బంతి) మీద అతన్ని మూడో బేస్ దగ్గర ఔట్ చేశారు. ఈలోగా కార్డినల్స్ ఒక తేలికైన ఫౌల్ క్యాచ్‌ను (హద్దు గీత బయట లేచిన బంతిని) వదిలారు, క్యాచర్ ఒక బంతిని పోగొట్టుకుని రన్నర్లను ముందుకు జరగనిచ్చాడు, ఆ తరువాతే డేన్ ఓర్గ్ కొట్టిన దెబ్బకు రెండు పరుగులు వచ్చాయి. అంపైర్ తప్పు ఒకటే ఆ జట్టును ఓడించిందని తేల్చి చెప్పడం కష్టం. అటువంటి చోట మర్నాడు ఫలితం మార్చడం అసాధ్యం. అప్పటికప్పుడు దిద్దే ఏర్పాటు ఉండటం ఒక్కటే మార్గం. రీప్లే అవసరం అక్కడే కనిపిస్తుంది.


జవాబు 2
పెన్నా గట్టు, కడప

నేను కడప జిల్లాలో చాలా కాలం క్రికెట్ అంపైరుగా పనిచేసి విరమించుకున్నాను. బేస్‌బాల్ పరిచయం తరువాత కలిగింది. కర్నూలు మిత్రులు చరిత్రను చక్కగా చెప్పారు కానీ, గలారగా విషయంలో వారి అభిప్రాయంతో నేను ఏకీభవించలేను.

చివరి ఔట్ కాబట్టి దిద్దవచ్చు అంటే, చివరి ఔట్‌కు ఒక న్యాయం, ఐదో ఇన్నింగ్స్ ఔట్‌కు ఇంకొక న్యాయం అవుతుంది. ఫలితం మారదు కాబట్టి దిద్దవచ్చు అంటే, ఫలితం ఎక్కడ మారుతుందో ఎక్కడ మారదో తేల్చే కొత్త అంపైర్ ఒకరు కావాలి. ఆ రోజు కమిషనర్ ఒక్కసారి తలుపు తెరిచి ఉంటే, ఓడిన ప్రతి జట్టూ మర్నాడు అదే గుమ్మం దగ్గర నిలబడేది. మన ఉపాధ్యాయుల వారికి వినతిపత్రాలు వస్తున్నది అందువల్లే కదా! ఆట సాగుతుండగా తప్పును దిద్దే దారి లేకపోవడం ఆనాటి లోపం. ఆ లోపానికి విరుగుడు 2014లో వచ్చిన నియమం, మర్నాటి ఉత్తర్వు కాదు. ఆట ముగిశాక దిద్దబోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

క్రికెట్‌లో మనం అనుభవించినదే చూడండి. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో ఇషాంత్ శర్మ బంతి బ్యాట్ అంచుకు తగిలి కీపర్ చేతిలో పడినప్పుడు ఆండ్రూ సైమండ్స్ 30 పరుగుల మీద ఉన్నాడు. స్టీవ్ బక్నర్ నాటౌట్ అన్నాడు, సైమండ్స్ 162 పరుగులతో అజేయంగా నిలిచాడు, మనం ఓడిపోయాం. తరువాతి పెర్త్ టెస్టు నుంచి బక్నర్‌ను తప్పించారు. అంపైర్‌ను మార్చారు కానీ స్కోరు కార్డును ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా. ఆ ఏడాదే శ్రీలంకలో సమీక్ష పద్ధతిని మన జట్టు ఆడుతుండగానే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. అంతగా నష్టపోయిన మనమే, బంతి ఎటు వెళ్లేదో చెప్పే లెక్క మీద నమ్మకం లేదంటూ ద్వైపాక్షిక సిరీస్‌లలో 2016 చివరి వరకు దాన్ని ఒప్పుకోలేదు. ఆ సందేహంలో కొంత సబబు ఉంది. ఎల్బీడబ్ల్యూలో బంతి సగం కన్నా తక్కువగా వికెట్‌ను తాకుతుంటే మైదానంలోని అంపైర్ మాటనే నిలబెడతారు. బేస్‌బాల్‌లో కూడా అంతే. న్యూయార్క్ నుంచి వచ్చే జవాబు మూడు విధాలు: నిర్ణయం సరైనదేనని రుజువైంది, నిర్ణయం తప్పని తేలింది, ఏదీ తేలలేదు కాబట్టి మొదటి మాటే నిలుస్తుంది. ఈ మూడో జవాబు చాలా ముఖ్యమైనది. అంత ఖర్చుతో అన్ని కెమెరాలు పెట్టినా కొన్ని తేలవని వ్యవస్థే ఒప్పుకుంటోంది.

ఇప్పుడు సెల్‌ఫోన్ సంగతి. దీని మీద కాస్త వివరంగా రాయవలసి ఉంది. మామూలుగా ఫోన్ వీడియోలో సెకనుకు 30 చిత్రాలు ఉంటాయి. పరుగెత్తే పిల్లవాడు సెకనుకు ఆరు మీటర్లు వెళ్తాడనుకుంటే, ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య 20 సెంటీమీటర్లు జరుగుతాడు. 15 అంగుళాల బేస్‌లో అది సగానికి పైన. కాలు తగిలిన క్షణం, బంతి గ్లవ్‌లో పడిన క్షణం ఆ రెండు చిత్రాల నడుమ ఉంటే ఆ వీడియో ఏమీ చెప్పలేదు, చూసేవారు తమకు కావలసినది చూసుకుంటారు. ఇక శబ్దం. మైదానం అంచున 50 మీటర్ల దూరంలో నిలబడి తీస్తున్నవారికి గ్లవ్ చప్పుడు దాదాపు సెకనులో ఏడో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆ వ్యవధిలో ఆ పిల్లవాడు మూడు అడుగులకు దగ్గరగా పరుగెత్తుతాడు. కనుక చప్పుడు విని నిర్ణయించుకునే ప్రేక్షకుడికి, స్పష్టంగా ఔటైన రన్నర్ కూడా సేఫ్‌గానే అనిపిస్తాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన నిలబడిన చోటు ఆయనకు అబద్ధం చెబుతోంది.

అంపైర్ ఎక్కడ నిలబడాలన్న నియమం కూడా ఇందుకే పుట్టింది. ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల చుట్టుపక్కల మైదానం) నుంచి బంతి విసిరేటప్పుడు, ఆ బంతి దారికి అడ్డంగా లంబకోణంలో, బేస్‌కు 15 నుంచి 18 అడుగుల దూరంలో నిలబడాలి. బంతి చేతిని వదిలాక అది సరిగ్గా వస్తోందో లేదో చూసి, వెంటనే కళ్లు బేస్ మీదికి దించాలి. కాలిని కంటితో చూడాలి, బంతిని చెవితో వినాలి. ఆ దూరంలో శబ్దం ఆలస్యం లెక్కలోకి రానంత తక్కువ. మరీ దగ్గరకు వెళ్తే కాలూ గ్లవూ రెండూ ఒకే చూపులో ఇమడవు. దూరంగా ఉంటే ధ్వని మోసం చేస్తుంది. బంతి ఎత్తుగా వచ్చినప్పుడు మాత్రం చెవిని నమ్ముకోలేం, కళ్లు పైకి లేస్తాయి, ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి. కాబట్టి మీ తోటి ఉపాధ్యాయులకు పోటీలకు ముందు ఒక పూట ఈ నిలబడే పద్ధతిని నేర్పించండి. ఫోన్ వీడియోను సాక్ష్యంగా తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం.


జవాబు 3
సాఫ్ట్‌బాల్ కోచ్, ప్రొద్దుటూరు

సార్లకు నమస్కారం. నేను కాలేజీ రోజుల్లో సాఫ్ట్‌బాల్‌లో క్యాచరుగా ఆడాను, ఇప్పుడు ఆడపిల్లలకు నేర్పిస్తున్నాను. ఇప్పటివరకు అంపైర్ వైపు నుంచే మాటలు సాగాయి కాబట్టి ఆటగాళ్ల వైపు నుంచి కొంత చెప్పాలనిపించింది.

రీప్లే వచ్చాక ఎవరూ కోరుకోని ఒక మార్పు వచ్చింది. రన్నర్ రెండో బేస్‌లోకి జారుతూ వస్తాడు, ట్యాగ్ (ఫీల్డర్ బంతి ఉన్న గ్లవ్‌తో రన్నర్‌ను తాకడం) కన్నా ముందే కాలు బేస్‌ను తాకుతుంది, అందరి దృష్టిలో అది సేఫ్. అయితే జారిన వేగానికి శరీరం పైకి లేచి, కాలు ఒక్క క్షణం బేస్ నుంచి వెంట్రుక మందాన విడిపోతుంది. ఫీల్డర్ గ్లవ్‌ను అతని ఒంటికి అలాగే ఆనించి ఉంచితే, నెమ్మదిగా తిప్పిన వీడియోలో అతడు ఔట్. నియమం ప్రకారం ఆ ఔట్ సరైనదే. కానీ రీప్లే రాకముందు మైదానంలో ఏ కంటికీ ఆనని ఖాళీ అది, ఎవరూ దాన్ని అడిగేవారూ కాదు. పొరపాట్లను దిద్దడానికి తెచ్చిన సాధనం కొత్త ఔట్లను పుట్టించింది. ఇప్పుడు ఫీల్డర్లకు ట్యాగ్ చేసిన గ్లవ్‌ను తీయకుండా పట్టి ఉంచడం నేర్పిస్తున్నారు, రన్నర్లకు జారాక బేస్‌ను కరుచుకుని ఉండటం నేర్పిస్తున్నారు. మా ఎర్రమట్టి మైదానాల్లో అయితే పిల్ల జారగానే లేచే దుమ్ములో కాలూ బేసూ రెండూ కనిపించవు, సున్నం గీత కూడా చెదిరిపోతుంది. అక్కడ ఏ వీడియో ఏం తేలుస్తుంది?

స్ట్రైక్ నిర్ణయాల మీద వచ్చిన కొత్త పద్ధతి మాత్రం నాకు ఎంతో నచ్చింది, అందుకు కారణం యంత్రం కాదు. అడిగే హక్కు ఆడుతున్నవారికి ఇచ్చారు, పక్కన కూర్చున్న కోచ్‌కు ఇవ్వలేదు. బంతిని అందరికన్నా దగ్గరగా చూసింది క్యాచర్, బ్యాటర్. తప్పుగా అడిగితే జట్టు అవకాశం పోతుంది కాబట్టి ఉత్తినే ఎవరూ తల తట్టరు. క్యాచర్‌గా నాకు ఒక బాధ కూడా ఉంది: అంచున పడిన బంతిని కదలకుండా మెత్తగా అందుకుని అంపైర్‌ను ఒప్పించే నేర్పు మా విద్యలో పెద్ద భాగం, ప్రతి బంతినీ యంత్రమే చెబితే అది పూర్తిగా పోతుంది. రెండే అభ్యంతరాలు కావడం వల్ల ఇంకా కొంత మిగిలింది.

అనంతపురం సార్‌కు ఒక సూచన. వీడియో వద్దని ఊరుకుంటే పిల్లల మనసులో కష్టం అలాగే ఉండిపోతుంది. అడిగే హక్కు వాళ్లకూ ఇవ్వండి. ఆటకు ఒక్కసారి, తరువాతి బంతి పడకముందే, జట్టు కెప్టెన్ వచ్చి మర్యాదగా అడిగితే, ఇద్దరు అంపైర్లు పక్కకు వెళ్లి మాట్లాడుకోవాలి. మొదటి బేస్ దగ్గర ఫీల్డర్ కాలు బేస్ మీద నుంచి లేచిందా, బంతి గ్లవ్‌లో నిలిచిందా లేక జారిపడిందా అన్నవి ప్లేటు దగ్గరి అంపైర్‌కు ఒక్కోసారి బాగా కనిపిస్తాయి. మా ఆడపిల్లల పోటీల్లో ఈ పద్ధతి పెట్టాక తల్లిదండ్రులు గీత దాటి లోపలికి రావడం తగ్గింది.


ప్రశ్న అడిగినవారి స్పందన
వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం

ముగ్గురికీ కృతజ్ఞతలు. గ్లవ్ చప్పుడు ఆలస్యం గురించి పెన్నా గట్టు గారు రాసినదాన్ని మైదానంలోనే పిల్లలకు చూపించాను. సగం మందిని బేస్ పక్కన, సగం మందిని దూరంగా ప్రహరీ దగ్గర నిలబెట్టి, ఒకే ఆటను చూసి సేఫా ఔటా చెప్పమన్నాను. ప్రహరీ దగ్గరివారు ఎక్కువసార్లు సేఫ్ అన్నారు, బేస్ పక్కనివారు ఔట్ అన్నారు. తరువాత స్థలాలు మార్చగానే మాటలూ మారాయి. వాదించడం కన్నా ఇది బాగా పనిచేసింది.

కోచ్ గారి సూచనను రాబోయే మండల పోటీలకు ముందు జరిగే ఉపాధ్యాయుల సమావేశంలో పెడతాను. కెప్టెన్ ఒక్కసారి అడగవచ్చు, తరువాతి బంతి పడ్డాక ఎవరూ అడగకూడదు, వీడియో చూడబడదు అని రాతపూర్వకంగా ముందే రెండు జట్ల చేతా సంతకం చేయించాలని అనుకుంటున్నాను.

ఆ అమ్మాయికి మీ ఇద్దరి వాదనలూ చదివి వినిపించాను. ఆమె కర్నూలు వారి పక్షమే తీసుకుంది. మర్నాడు టైగర్స్ జట్టు జాబితాను గలారగానే స్వయంగా తీసుకెళ్లి, ప్లేటు దగ్గర కన్నీళ్లు తుడుచుకుంటున్న జాయిస్ చేతిలో పెట్టాడని చెప్పినా, "ఆయన మంచివాడైతే మాత్రం ఆ ఔట్ ఆయనకు రావద్దా సార్?" అంది.


జవాబు 4
పెన్నా గట్టు, కడప

ఆ అమ్మాయి మాటలో న్యాయం ఉంది. అయినా నా అభిప్రాయం మారలేదు. మీరు సంతకాలు తీసుకునే కాగితంలో ఒక విషయం చేర్చండి: అంపైర్లు మాట్లాడుకుని సేఫ్‌ను ఔట్‌గా మార్చినప్పుడు మిగిలిన రన్నర్లను ఏ బేస్ మీద నిలబెట్టాలో ముందే రాసి ఉంచాలి. ఔట్‌ను సేఫ్‌గా మార్చేటప్పుడు ఇది ఇంకా కష్టం, ఎందుకంటే ఔట్ అన్న మాట వినగానే ఫీల్డర్లూ రన్నర్లూ పరుగు ఆపేస్తారు. మొదటి నిర్ణయం తప్పు కాకపోయి ఉంటే రన్నర్లు ఎక్కడ ఉండేవారో ఊహించి నిలబెట్టే అధికారం మేజర్ లీగ్‌లలో రీప్లే అంపైర్లకు ఉంది. మీ దగ్గర ఆ ఊహే కొత్త తగాదాకు దారి తీస్తుంది కాబట్టి, నిర్ణయం ప్రకటించిన క్షణానికి ఎవరు ఏ బేస్ దాటి ఉంటే అక్కడే నిలబెట్టడం మేలు. ప్లేటు దగ్గరి అంపైర్‌కు ఆ క్షణాన రన్నర్లను చూసుకునే పని ముందుగానే అప్పగించండి.